ఆగిరిపల్లి నుంచి టోక్యో డోజో దాకా: దివ్యాంగ విద్యార్థికి వీసా దారి

మధ్యప్రదేశ్‌లోని సెహోర్ దగ్గర ఒక పల్లెలో, పొలంలో నీటి మోటారు తాకి ఒక పిల్లాడికి కరెంటు షాక్ కొట్టింది. నెలల తరబడి కోమాలో ఉన్నాడు. బతికాడు గానీ చూపు మెల్లగా పోయింది. ఆ పిల్లాడే కపిల్ పర్మార్. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 60 కిలోల జె1 విభాగంలో కాంస్యం గెలిచాడు. పారాలింపిక్స్ జూడోలో మన దేశానికి అదే మొదటి పతకం. మోటారు షాకులు, కాయ కోస్తూ చెట్టు మీద నుంచి పడటాలు ఆంధ్రప్రదేశ్‌లోని ఆగిరిపల్లి, నూజివీడు మామిడి తోటల వాళ్లకు కొత్త సంగతులు కావు. ఆగిరిపల్లి మండలంలోనే తోటపల్లి హీల్ ప్యారడైజ్ ప్రాంగణంలో చూపులేని పిల్లల బడి కూడా ఉంది. కపిల్ కథ ముందుగా తెలియాల్సింది ఇలాంటి ఊళ్ల పిల్లలకే.

జపాన్‌కో కొరియాకో వెళ్లి ఏడాదిపాటు యుద్ధవిద్య నేర్చుకోవాలనుంది, వైకల్యం ఉందని వీసా ఆపేస్తారా? ఆసక్తి ఉన్న ప్రతి ఇంట్లోనూ మొదట వచ్చే ప్రశ్న ఇది. ఆసియాలో యుద్ధవిద్యలకు పేరున్న దేశాల విషయంలో నా జవాబు సూటిగా చెబుతాను: చేయి లేదనో, చూపు లేదనో దరఖాస్తు ఆగిపోయే పరిస్థితి అరుదు. పిలిచే గురువు పత్రం బలహీనంగా ఉంటే ఆగుతుంది, డబ్బు ఎక్కడిదో తేలకపోతే ఆగుతుంది. ఇక వీసా చేతికొచ్చాక ప్రయాణం ఆగేది రోజువారీ సాయం ఎవరు చేస్తారన్న దగ్గర. మీ శ్రమంతా ఈ మూడింటి మీద పెట్టండి.

ముందు మీ శరీరానికి తగిన విద్య ఏదో తేల్చుకోవాలి. పారాలింపిక్స్‌లో జూడో చూపు లోపం ఉన్నవాళ్లకే. 1988 సియోల్ నుంచి పురుషులకు, 2004 ఏథెన్స్ నుంచి మహిళలకు పోటీలున్నాయి. జె1 అంటే పూర్తిగా చూపులేనివారు, జె2 అంటే కొంత చూపున్నవారు. మామూలు జూడోలో ఎదుటివాడి దుస్తులు దొరకబుచ్చుకోవడానికే సగం పోరాటం సరిపోతుంది. ఇక్కడ ఇద్దరూ ఒకరి కాలరూ చొక్కా చేతినీ ఒకరు పట్టుకున్నాకే రిఫరీ ఆట మొదలుపెట్టిస్తాడు. అవతలివాడి బరువు ఏ కాలి మీదికి జారుతోందో ఆ బిగుతును బట్టి వేళ్లతోనే తెలుసుకోవాలి. చేతి లోపం ఉన్నవాళ్లకు తైక్వాండో ఉంది. అది టోక్యో 2020 క్రీడల్లో పారాలింపిక్స్‌లోకి వచ్చింది. అందులో తల మీద తన్నకూడదు, ఛాతీ కవచం మీద కాలు పడితేనే పాయింట్లు. పుట్టుకతో చేతివేళ్ల లోపమున్న హర్యానా అమ్మాయి అరుణా తన్వర్ ఆ ఆటలో పారాలింపిక్స్‌కు అర్హత సాధించిన మొదటి భారతీయురాలు. వినికిడి లోపం ఉన్నవాళ్ల దారి వేరు. వాళ్ల డెఫ్‌లింపిక్స్‌లో జూడో, కరాటే, తైక్వాండో మూడూ ఉన్నాయి. 2025 నవంబర్‌లో ఆ క్రీడలు టోక్యోలోనే జరిగాయి. వీల్‌చైర్‌లో ఉండి కరాటే చేసేవాళ్లకు ప్రపంచ కరాటే సమాఖ్య పోటీలు నడుపుతోంది గానీ పారా కరాటే పారాలింపిక్స్‌లో లేదు. ఉద్యోగానికి పనికొచ్చే పతకం మీ లక్ష్యమైతే ఈ తేడా ఇప్పుడే తెలియాలి.

ఇక వీసాలు. జపాన్‌లో 90 రోజులకు మించి ఉండి, జీతం లేకుండా జూడో, ఐకిడో వంటివి నిపుణుడి దగ్గర నేర్చుకునేవాళ్లకు ‘కల్చరల్ యాక్టివిటీస్’ అనే వీసా ఉంది. మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది, మూడేళ్లు, ఇలా గడువులు ఇస్తారు. మీరు నేరుగా కాన్సులేట్‌కు వెళ్తే పని మొదలవదు. అక్కడి గురువో సంస్థో మీ తరఫున జపాన్ ఇమిగ్రేషన్ కార్యాలయంలో సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీకి దరఖాస్తు చేయాలి. ఆ పత్రం మీ చేతికొచ్చిందంటే పెద్ద గండం గడిచినట్టే. మూడు నెలల్లోగా వీసా తీసుకుని జపాన్‌లో దిగిపోవాలి. ఆ దరఖాస్తులో గురువు అనుభవం, అర్హత చూపించాలి. మీరు ఇక్కడ కొన్నాళ్లు సాధన చేసినట్టు బెల్టు సర్టిఫికెట్లు, పోటీల పత్రాలు ఉంటే బలం. ఓనమాలు కూడా రానివాడిని ఏడాదిపాటు ఉంచుకుంటానని పేరున్న ఏ గురువూ సంతకం పెట్టడు. 1882లో జిగోరో కానో స్థాపించిన కొడోకాన్ అనే జూడో కేంద్రం టోక్యోలోనే ఉంది. చాలామంది దాని పేరు వినే బయల్దేరాలనుకుంటారు. చిన్న ఊళ్లలోని డోజోల్లో (సాధనశాలల్లో), విశ్వవిద్యాలయ జట్లలో కూడా మంచి గురువులున్నారు. విద్యార్థికి విడిగా సమయం ఇచ్చేది తరచూ అలాంటి చోటే.

కొరియాలో తైక్వాండో లాంటి దేశీయ విద్యలు నేర్చుకునేవాళ్లకు డి-1 వీసా ఉంది. మూడు నెలలు మించి ఉండేవాళ్లు క్షయ లేదని ఆ దేశం గుర్తించిన ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ తేవాలి. ఆ నిబంధన వర్తించే దేశాల్లో మనదీ ఒకటి. చైనాలో 180 రోజులు దాటితే ఎక్స్1 విద్యార్థి వీసా కావాలి. దిగిన 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. షావోలిన్ పేరు చెప్పుకునే బళ్లు డెంగ్‌ఫెంగ్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. విదేశీయులను చేర్చుకునే అనుమతి ఆ బడికి ఉందో లేదో తేలే దాకా రూపాయి కూడా పంపకండి. థాయిలాండ్ 2024 జులైలో డీటీవీ అనే వీసా తెచ్చింది. ముయే థాయ్ శిక్షణను అందులో పేరు పెట్టి మరీ చేర్చారు. అయిదేళ్లు చెల్లుతుంది, ఒక్కో రాకకు 180 రోజులు ఉండనిస్తారు. అయితే వయసు ఇరవై నిండాలి, ఖాతాలో 5 లక్షల బాత్ చూపించాలి. మన రూపాయల్లో పన్నెండు లక్షల పైమాటే.

వైకల్యం గురించి చట్టాలు ఏమంటున్నాయో కూడా చూద్దాం. జపాన్ ఇమిగ్రేషన్ చట్టం అయిదో అధికరణలో దేశంలోకి రానివ్వనివాళ్ల జాబితా ఉంది. మానసిక వైకల్యం వల్ల మంచిచెడ్డలు గ్రహించలేని స్థితిలో ఉండి, వెంట సహాయకుడు లేనివాళ్ల ప్రస్తావన అందులో కనిపిస్తుంది. శారీరక వైకల్యం ఊసు లేదు. అన్ని దేశాలూ ఇలా ఉండవు. తమ ప్రభుత్వం మీ వైద్యానికి పెట్టాల్సిన ఖర్చు ఒక పరిమితి దాటుతుందనిపిస్తే ఆస్ట్రేలియా వీసా నిరాకరించవచ్చు. 2024 జులై నుంచి ఆ పరిమితి 86 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు ముందే తెలుసుకుని ఉండాలి.

మన వాళ్లు ఎక్కువగా పొరబడేది సదరం సర్టిఫికెట్ దగ్గర. పింఛనుకు, బస్ పాస్‌కు, రిజర్వేషన్‌కు అందులోని వైకల్య శాతమే ప్రాణం కాబట్టి వీసా ఫైల్లో కూడా అదొక్కటే పెట్టి ఊరుకుంటారు. 60 శాతం అన్న అంకె చూసి టోక్యోలోని గురువుకు ఏం అర్థమవుతుంది? సదరం, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) జతచేయండి, కానీ వాటితో పాటు మీకు వైద్యం చేసే డాక్టర్ చేత ఇంగ్లీషులో ఒక పేజీ రాయించండి. కుడి మోచేతి కింద భాగం లేదు, భోజనం, స్నానం, బట్టలు వేసుకోవడం, బస్సెక్కడం సొంతంగా చేసుకుంటాడు, మూర్ఛ లేదు, కింద పడే సాధనకు మెడ, వెన్నెముక పరంగా అభ్యంతరం లేదు, ఫలానా మందు రోజూ వాడుతున్నాడు. ఇంత వివరంగా ఉండాలి. గ్లకోమా, రెటీనా జబ్బులున్నవాళ్లు జూడోకు ముందు కంటి డాక్టర్‌ను తప్పక అడగాలి, తల నేలకు తగిలితే మిగిలిన చూపూ పోవచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు మెడ ఎముకలు వదులుగా ఉండే అవకాశం ఉంది, పరీక్ష చేయించకుండా చాప మీదికి దింపకూడదు. చాలామంది తల్లిదండ్రులు వైకల్యం సంగతి దాచిపెట్టి, అక్కడికి వెళ్లాక చూసుకుందాం అంటారు. దయచేసి ఆ పని చేయకండి. రాసే మొదటి ఉత్తరంలోనే చెప్పండి. కుదరదు అనే గురువు ఇక్కడుండగానే కుదరదంటాడు, రమ్మన్న గురువు మీకు తగిన ఏర్పాటుతో ఎదురుచూస్తాడు.

డబ్బు పత్రాల దగ్గర తోట రైతుల ఇబ్బంది ప్రత్యేకం. ఏడాదంతా ఖాతాలో వేలల్లో ఉండే నిల్వ ఏప్రిల్, మే నెలల్లో ఒక్కసారిగా లక్షలకు చేరుతుంది. బంగినపల్లి, రసాల లారీ నున్న మార్కెట్‌కు వెళ్లొచ్చాక పడిన డబ్బది. మనకది మామూలే. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చూసే అధికారికి మాత్రం వీసా కోసం ఎవరి దగ్గరో అప్పు తెచ్చి వేసినట్టు కనిపిస్తుంది. అందుకే ఆ జమకు మూలం చూపించాలి. మార్కెట్‌లో ఇచ్చే పట్టీలు, తోట వ్యాపారికి కాపు అమ్ముకుంటే ఆ ఒప్పంద పత్రం, పట్టాదారు పాస్ పుస్తకం, 1-బి, అడంగల్ ఒక ఫైల్లో పెట్టి, వాటి సారాంశం ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాయించండి. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కదా అని చాలామంది రిటర్నే వేయరు. పన్ను కట్టక్కర్లేకపోయినా, ఆ ఆదాయం చూపిస్తూ రెండు మూడేళ్లు రిటర్న్ వేసి ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. నోటి మాట మీద తోటలిచ్చే పద్ధతి మన దగ్గర ఇంకా ఉంది. పిల్లలను విదేశాలకు పంపాలనుకునే ఇల్లు ఆ అలవాటు మానుకోవాలి.

సాయం చేసే మనిషి సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. అమ్మ తోడుగా వస్తుందిలే అనుకుంటారు. జపాన్‌లో కల్చరల్ యాక్టివిటీస్ వీసా ఉన్నవాళ్ల వెంట భార్య లేక భర్త, పిల్లలు ఉండొచ్చు. తల్లిదండ్రులకు ఆ వీలు లేదు. థాయిలాండ్ డీటీవీలో కూడా అంతే. అమ్మ పర్యాటక వీసా మీద కొన్ని వారాలు ఉండి రావచ్చు, ఏడాది ఉండలేదు. కాబట్టి బయల్దేరే ముందు విజయవాడలో హాస్టల్‌లో ఉండి, బట్టలు ఉతుక్కోవడం, తెల్ల కర్రతో సిటీ బస్సు ఎక్కడం, మందులు వేళకు వేసుకోవడం అన్నీ సొంతంగా చేసి చూడండి. అది ప్రయాణానికి పనికొచ్చే సాధనే. డోజోలోనే బస ఉందా, మెట్లు ఎన్ని, స్నానాల గది ఎలా ఉంది అని ఫొటోలు అడిగి తెప్పించుకోండి. అలా అడగడానికి మొహమాటపడకండి.

మరికొన్ని జాగ్రత్తలు. జపాన్‌కు నెల రోజులకు మించిన మందులు తీసుకెళ్లాలంటే ముందుగా ఆ దేశపు దిగుమతి అనుమతి పత్రం తెచ్చుకోవాలి. బీమా పాలసీల్లో చాలావాటికి యుద్ధక్రీడల్లో తగిలే దెబ్బలు మినహాయింపు కిందికొస్తాయి, ఆ వాక్యం చదివాకే కొనండి. చదువు సర్టిఫికెట్లకు విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర అడగవచ్చు, దానికి సమయం ఉంచుకోండి. సంతకం పెట్టలేనివాళ్లు పాస్‌పోర్టుకు వేలిముద్ర వేయొచ్చు.

తిరిగొచ్చాక ఉపాధి ఏమిటి? విదేశీ డోజో సర్టిఫికెట్ ఒక్కటే చూసి ఇక్కడ ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. పటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) కోచింగ్ డిప్లొమాతో కలిస్తే దానికి విలువ. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఎటూ ఉంది, దాన్ని వదులుకోకండి. చదువు మీద మొగ్గున్నవాళ్లు సియోల్ నేషనల్ యూనివర్సిటీలో వర్ధమాన దేశాల వారి కోసం నడిపే డ్రీమ్ టుగెదర్ మాస్టర్ స్కాలర్‌షిప్‌ను చూడాలి. క్రీడా నిర్వహణలో పీజీ అది. జపాన్ డస్కిన్ ఫౌండేషన్ ఆసియా, పసిఫిక్ దివ్యాంగ యువత కోసం 1999లో మొదలుపెట్టిన నాయకత్వ శిక్షణ యుద్ధవిద్య కాదు గానీ, ఆ దేశంలో నెలల తరబడి ఉండి భాష నేర్చుకునే గౌరవమైన దారి.

వీసా మేం ఇప్పిస్తాం, క్లాసుకు రాకపోయినా ఫరవాలేదు, పార్ట్‌టైమ్ పని చేసుకోవచ్చు అనే ఏజెంట్ మాట నమ్మకండి. ఈ వీసాల మీద అనుమతి లేకుండా జీతానికి పని చేస్తే వెనక్కి పంపేస్తారు, ఆ తర్వాత ఆ దేశం గడప తొక్కడం కష్టం. జూడో మొదలు పెట్టదలచినవాళ్లు ముందు ఇక్కడే ఒక రెండేళ్లు చాప మీద గడపండి. కపిల్ కూడా సాధన చేసింది మన దేశంలోని గురువుల దగ్గరే. పాస్‌పోర్టుకు మాత్రం ఈ నెలలోనే దరఖాస్తు చేయండి, ఈ ఏటి కాపు పట్టీలు ఒక్కటీ పారేయకండి.