శిక్షణార్థి ఒడంబడిక

పదవ తరగతి ముగించి కర్మాగారమున పని నేర్వబోవు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. 1961 నాటి అప్రెంటిసు చట్టపు 18వ సెక్షను ప్రకారము పని నేర్చువారు శిక్షణార్థులే గాని కార్మికులు కారు. వారికి లభించునది జీతము గాదు, స్టైపెండు. చేసిన వస్తువులను లెక్కించి కూలి కట్టుటను 13వ సెక్షను నిషేధించినది. ఇది మిక్కిలి తెలివైన నిబంధన. ఆకురాయి పట్టి ఇనుపముక్క అంచును సమము చేయుటకు క్రొత్తవానికి దినమంతయు పట్టవచ్చును. ముక్క చెడిపోవచ్చును గూడ. లెక్కకై తొందరపడు చేతికి ఆ పని పట్టుబడదు.

శిక్షణకు ముందు యజమానితో ఒడంబడిక జరుగును. విద్యార్థి మైనరైనచో సంరక్షకుడు సంతకము చేయవలెను. మనలో పలువురు ఆ కాగితమును చదువకయే సంతకము చేయుదురు. శిక్షణ ముగిసినంతనే ఉద్యోగమిచ్చు బాధ్యత యజమానికి సాధారణముగా లేదు. అయితే, శిక్షణ విజయవంతముగా ముగించిన పిమ్మట తన యొద్దనే పనిచేయవలెనను షరతు ఒడంబడికలో నున్నచో, తగిన ఉద్యోగమును చూపుట యజమాని విధి యగును. ఆ ఒక్క వాక్యము ఉన్నదో లేదో చూచుకొనవలదా? కాగితము ఇంగ్లీషులో నున్నదని సంకోచింపనేల? మేమును పొరుగు భాషలో చదువుకొను దినములలో ప్రతి దరఖాస్తుకును తడబడినవారమే. సంతకమునకు ముందు పాఠశాలకు తెచ్చినచో తెలుగున చదివి వినిపింతుము.