గూటి గడియ

కోడి పోయాక కోపం అందరికీ వస్తుంది. పోకముందు కాపలా కాయడం మాత్రం కొందరికే అలవాటు. పెరట్లో కోళ్లు తిప్పుకునే ఏ ఊళ్లోనైనా రెండు పక్కపక్క ఇళ్లు చూడండి. అదే చెరువు గట్టు, అవే తుప్పలు, అదే గద్ద. ఒకరింట్లో ఏడాది తిరిగేసరికి మంద పెరుగుతుంది. పక్కింట్లో రెండో మూడో మిగులుతాయి. ఆ రెండో ఇంటివాళ్లు "మా చేతికి కోళ్లు అచ్చిరావండీ" అంటారు. అచ్చిరావడం, రాకపోవడం అంటూ ఏమీ లేదు. సాయంత్రం గడియ ఎవరు వేస్తున్నారు, గూటికి సందులు ఎన్ని ఉన్నాయి, కోడిపిల్లల్ని ఎప్పుడు బయటికి వదులుతున్నారు? ఆ రెండిళ్లకూ తేడా అంతా ఈ ప్రశ్నల దగ్గరే ఉంది.

మాట కాస్త కటువుగా ఉండొచ్చు. కానీ జరిగినదాన్ని అదృష్టం మీదకి నెట్టేసినంత కాలం మనిషి తన పద్ధతి మార్చుకోడు. బాగుపడాలంటే ముందు ఆ నెట్టేయడం మానాలి.

నష్టం జరిగిన ఉదయం చాలామంది చేసే మొదటి పని తిట్టడం. చేయాల్సిన మొదటి పని చూడడం. నేల చూడండి, ఈకలు చూడండి, చచ్చిన కోడిని అవతల పారేసే ముందు దాని మెడ చూడండి. పట్టపగలు కోడిపిల్ల ఒక్క ఈక కూడా మిగలకుండా మాయమైతే గద్దో, కాకో, ముంగిసో ఎత్తుకుపోయి ఉంటుంది. ఈకలు దారి పొడుగునా రాలుతూ తుప్పల్లోకి వెళ్తే బావురుపిల్లినో నక్కనో అనుమానించాలి. నాలుగైదు కోళ్లు చీలికలై, తినకుండా అక్కడే పడి ఉంటే చాలాసార్లు అది వీధికుక్కల పని. పిల్ల చచ్చిపడి, తలా మెడా తడిగా, ఈకలు అతుక్కుపోయి కనిపిస్తే పాము మింగబోయి వదిలేసిందన్నమాట. పెంకు ముక్కయినా లేకుండా గుడ్లు పోతుంటే పామో ఉడుమో వస్తోంది.

ఇంకో తేలిక పద్ధతి ఉంది. రాత్రి పడుకోబోయే ముందు గూటి చుట్టూ బూడిద పలచగా చల్లి ఉంచండి. తెల్లారేసరికి వచ్చిపోయినవాళ్ల అడుగులు అందులో ఉంటాయి. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి దాని అడుగులో నాలుగు వేళ్లే పడతాయి, గోళ్ల గుర్తులుండవు. కుక్క, నక్క అడుగుల్లో వేళ్ల ముందు గోళ్ల గాట్లు స్పష్టంగా పడతాయి. ముంగిస అడుగు చిన్నది, గోళ్ల గుర్తులు మాత్రం పొడుగు.

ఊళ్లో ఏ కోడి పోయినా ముంగిస మీదే నేరం మోపడం మనకు అలవాటు. ముంగిస పగలు వేటాడే జంతువు. అర్ధరాత్రి గూట్లో జరిగిన దొంగతనానికి దాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే అసలు దొంగ మర్నాడు రాత్రి మళ్లీ వస్తుంది. చీకట్లో వచ్చేవి పునుగుపిల్లి, మానుపిల్లి, బావురుపిల్లి, పాము, పందికొక్కు. ఒకటి పైకప్పు మీంచి దిగుతుంది, ఒకటి నేల తవ్వుకుని వస్తుంది, ఒకటి వేలెడు సందులోంచి జారుతుంది. ఎవరు చేశారో తేల్చుకోకుండా కనిపించినవాళ్ల మీద కోపం తీర్చుకునే అలవాటు పెరట్లోనే కాదు, ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇదే నష్టం తెస్తుంది.

ఇక రాత్రి సంగతి. కోడి కన్ను పగటి వెలుతురుకు తగినది. చీకటి పడితే దానికి చూపు దాదాపు ఆనదు. గూట్లో సర్దుకున్న కోడిని రాత్రిపూట చేత్తో ఎత్తినా పారిపోకపోవడం అందుకే. అలాంటి చోటికి దొంగ దూరిందంటే తప్పించుకునే దారే లేదు. తెల్లారి చూస్తే గూట్లో కోళ్లన్నీ చచ్చిపడి ఉంటాయి, తిన్నది మాత్రం ఒక్కదాన్నే. జనం దాన్ని పగ అంటారు. పగేమీ కాదు. ఎర పారిపోలేని చోట రెక్కలు కొట్టుకుంటూ గోలపెడుతుంటే వేటజంతువు ఆకలికి మించి చంపుతుంది. ఆ పారిపోలేని గదిని కట్టింది మనం. కాబట్టి దాని తలుపుకి పూచీ కూడా మనదే.

మా పెద్దమ్మ ఆ పూచీని ఎలా మోసేదో దగ్గరుండి చూశాను. పొద్దు వాలుతుండగా గుప్పెడు నూకలు గూటి ముందు చల్లేది. కోళ్లన్నీ మూగేవి. వాటి మధ్య వంగి నిలబడి లెక్క చూసుకునేది. అంకెలతో కాదు, పేర్లతో. నల్లపెట్ట, బోడిమెడ, జుట్టుపెట్ట, కుంటిది. ఒకటి తగ్గిందంటే పొయ్యి మీద ఎసరు పెట్టి ఉన్నా సరే దించేసి వెతకడానికి బయల్దేరేది. "తెల్లారాక చూద్దాంలే అత్తయ్యా" అని కోడలు అంటే, "తెల్లారాక ఈకలు చూస్తావే అమ్మా" అనేది. అన్నీ లోపలికి చేరాక గడియ వేసి, దానికి తాడు రెండు చుట్లు చుట్టి, చివర్లో తలుపుని ఓసారి గట్టిగా లాగి చూసేది. నాకు బాగా నచ్చింది ఆ లాగి చూడడమే. గడియ వేశాననుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. పడిందో లేదో చూసేవాళ్లు తక్కువ.

గూటి విషయంలో డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుసుకోండి. తేనెపట్టు గళ్లలా ఉండే పల్చటి కోళ్ల వల కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది, కుక్క లోపలికి రాకుండా ఆపదు. గట్టిగా పట్టి లాగితే చిరుగుతుంది. గూటికి వాడాల్సింది అరంగుళం గళ్ల వెల్డెడ్ మెష్. గళ్లు పెద్దవైతే పిల్లి పంజా లోపలికి పెట్టి, కర్ర మీద కూర్చున్న కోడి కాలు పట్టుకుని లాగేస్తుంది. తవ్వుకుని వచ్చే వాటికోసం మెష్‌ని అడుగు లోతున పాతాలి. నేల రాతినేలైతే గూటి బయటివైపుకి అడుగున్నర మేర పరిచి పైన రాళ్లు పేర్చాలి. గోడ మొదట్లో తవ్వబోయిన జంతువుకి ఆ వలే అడ్డుపడుతుంది. వీలైతే గూడు నేలకి రెండు మూడడుగుల ఎత్తున కట్టుకోండి. పెరట్లోని చెట్టెక్కి పడుకునే కోళ్లను ఓ వారం గూట్లోనే ఉంచి, అక్కడే మేత పెట్టండి. ఆ తర్వాత వదిలినా సాయంత్రానికి వాటంతటవే గూటికి చేరతాయి.

చాలామందికి తట్టని ఇంకో సంగతి ఉంది. రాత్రి గూట్లో మేత మిగిలిస్తే ఎలుకలు వస్తాయి. ఎలుకల వెనకే పాము వస్తుంది. పాము ముందు ఎలుకల కోసమే వచ్చినా, గుడ్లు కనిపిస్తే వదలదు. "మా ఇంటికి పాములు ఎక్కువ" అని బాధపడేవాళ్లు ముందు మేతగిన్నె సాయంత్రం కడిగి బోర్లించండి, గుడ్లు ఏ రోజువి ఆ రోజు తీసేయండి. ఆ రెండు పనులతో చాలా మార్పు కనిపిస్తుంది.

పగటి దొంగలకి పద్ధతి వేరు. గద్ద, డేగ ఆకాశంలోంచి చూసి దిగుతాయి కాబట్టి పైన కప్పు కావాలి. పెరడంతా ఊడ్చి నున్నగా ఉంచితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కోడిపిల్లకి మాత్రం దాక్కునే చోటుండదు. పెరటి మధ్యలో మందార, గోరింట, నిమ్మ లాంటివి గుబురుగా పెరగనివ్వండి. గూటిని ఆనుకుని మాత్రం తుప్ప ఉండకూడదు, అక్కడ పొంచి ఉండేది పిల్లి. మెరిసే రిబ్బన్లు, పాత సీడీలు వేలాడదీస్తే గద్దలు కొన్నాళ్లు బెదురుతాయి. తర్వాత అలవాటు పడిపోతాయి. రిబ్బన్ల, సీడీల చోటు మారుస్తూ ఉండాలి, వాటినే నమ్ముకోకూడదు. పొద్దున కూడా చీకటితోనే తలుపు తీసేయొద్దు. వెలుతురు బాగా వచ్చాక వదిలితే రాత్రి వేట ముగించుకుని వెళ్లే జంతువుల కంట పడవు.

మందలో ఒక మంచి పుంజు ఉండాలి. మేత దొరికితే పెట్టల్ని పిలిచి ముందు వాటిని తిననిచ్చి, తాను మెడ నిక్కించి నిలబడే పుంజుని మీరూ చూసే ఉంటారు. ఆకాశంలో గద్ద కనిపిస్తే సన్నగా, సాగదీసి ఒక కేక పెడుతుంది. నేల మీద కుక్కో పిల్లో వస్తే ఆగకుండా కొక్కొక్కోమని గోల చేస్తుంది. మొదటి కేకకి కోళ్లు నేలకి అణిగిపోతాయి, రెండోదానికి మెడలెత్తి అటూ ఇటూ చూస్తాయి. 1980ల్లో అమెరికాలో పీటర్ మార్లర్ బృందం ఈ కేకల మీద పరిశోధన చేసింది. పుంజు ఒంటరిగా ఉన్నప్పటికన్నా, పక్కన తన జాతి కోడి ఉన్నప్పుడే గద్ద కేక ఎక్కువగా పెడుతుందని గమనించింది. హెచ్చరిక వినేవాళ్లు ఉన్నప్పుడే ఎక్కువగా నోరు విప్పుతుందన్నమాట. మీ ఇంట్లో, మీ పని చోట ప్రమాదాన్ని ముందే చూసి చెప్పే మనిషి ఉంటే, ఆ మనిషి మాట వినండి. వినడం మానేస్తే చెప్పడమూ మానేస్తారు.

కోడిపిల్లల విషయంలో ఒక్క మాట నొక్కి చెప్పాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు మన పల్లెల్లో బాగా విస్తరించాయి. వనరాజకు ఉన్న రంగురంగుల ఈకలు పెరటి చెట్టూచేమల్లో కలిసిపోతాయి, పొడుగాటి కాళ్లు పరుగుకి పనికొస్తాయి. కానీ వీటికి గుడ్ల మీద కూర్చుని పొదిగే గుణం దాదాపు లేదు. మన నాటుపెట్ట 21 రోజులు పొదిగి, పిల్లల్ని వెంట తిప్పుకుంటూ, గద్ద నీడ పడితే రెక్కల కింద దాచి, భయపడాల్సింది ఏదో నేర్పుతుంది. కొనుక్కొచ్చిన పిల్లలకి ఆ తల్లి లేదు. వాటిని ఆరు వారాల వరకూ మూసిన చోటే, వెచ్చగా పెంచి, ఆ తర్వాత పెరట్లోకి వదలాలి. తొందరపడి పది రోజుల పిల్లల్ని వదిలేసి కాకుల్ని తిట్టడం న్యాయం కాదు. తల్లి ఉన్న పిల్లల్ని కూడా మొదటి వారాల్లో గంప కింద మూసి, పైన రాయి పెట్టడం మన పెద్దవాళ్లు పాటించిన పద్ధతే. గోదావరి తీరంలో పాత చేపల వలలు పైన కట్టి పిల్లల్ని పెంచేవాళ్లున్నారు, అదీ మంచిదే. వల నేల మీద వేలాడకుండా చూసుకోండి, పాము చిక్కుకుంటే దానికీ మీకూ ప్రమాదం.

ఇక కోపం తీర్చుకునేవాళ్ల సంగతి. చచ్చిన కోడిలో గుళికల మందు పెట్టి పెరటి చివర పారేస్తారు. కొందరు రాత్రిపూట కరెంటు తీగ లాగుతారు. ఆ మందు తిని చచ్చేది దొంగ ఒక్కటే కాదు, మీ కుక్క, పక్కింటి పిల్లి, పైన తిరిగే గద్దలు కూడా. ఆ తీగ తగిలి మనుషులు పోయిన ఊళ్లున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముంగిసకూ, బావురుపిల్లికీ, పునుగుపిల్లికీ, ఉడుముకూ రక్షణ కల్పిస్తోంది. చంపినా, ఉచ్చు పెట్టినా నేరం. చట్టం మాట అలా ఉంచండి. ముంగిస, బావురుపిల్లి మీ పొలంలో తినే ఎలుకల లెక్క ఎవరూ వేయరు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పూసే తైలం పునుగుపిల్లి నుంచి వచ్చేదే. దానికి గుడిలో దండం పెట్టుకుని, పెరట్లో కర్ర పట్టుకుని దాన్నే వెంటాడడం మనకు తగదు. అది దాని ఆకలి కోసం వచ్చింది. మన వస్తువుని కాపాడుకునే పని మనది. మంద పోయాక విషం పెట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఒక విషయం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పందెం పుంజుకి బాదంపప్పు పెడతారు, ఒళ్లు పడతారు, రాత్రి మంచం పక్కనే కట్టుకుని పడుకుంటారు. అదే ఇంట్లో పెట్టల గూటికి తలుపు ఊడిపోయి ఆరు నెలలైనా ఎవరికీ పట్టదు. పెట్టల మీద వచ్చే గుడ్ల డబ్బు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతి డబ్బు. బడికి వెళ్లే పిల్లలకి నోటుపుస్తకం, జ్వరమొస్తే మాత్ర, పుట్టింటికి బస్సు చార్జీ, అన్నీ అందులోంచే. ఆ గూటికి తలుపు బిగించడానికి పట్టేది ఒక పూట. ఇంటి మగవాళ్లు ఆ పూట ఇవ్వాలి.

గడియ వేసే పనిని "ఎవరో ఒకరు వేస్తారులే" అని వదలకండి. పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. ఇంట్లో పదేళ్ల పిల్లో పిల్లాడో ఉంటే ఇంకా మంచిది. లెక్క చూడడం, తలుపు లాగి చూడడం, మేతగిన్నె బోర్లించడం వాళ్ల పని చేయండి. మొదటి పది రోజులు వెనక నిలబడండి, ఆ తర్వాత అడగడం కూడా మానేయండి. ఒక ప్రాణి తన మీద ఆధారపడి ఉందని తెలిసిన పిల్లలు పనిని మరిచిపోరు.

ఈ సాయంత్రం చీకటి పడకముందు మీ గూటి చుట్టూ ఒకసారి నడవండి. మోకాళ్ల మీద కూర్చుని అడుగు భాగం కూడా చూడండి. బొటనవేలు పట్టే సందు ఎక్కడైనా కనిపిస్తే దాన్ని ఈ రాత్రికే మూసేయండి.