అంగారకుని అగ్నిపర్వతాలు – మన గుట్టలు

ఆకాశంలో ఎర్రగా వెలిగే గ్రహాన్ని మన పెద్దలు అంగారకుడన్నారు. అంగారమనగా నిప్పుకణిక. కుజుడన్న పేరు కూడా కలదు. ‘కు’ అనగా భూమి, భూమికి పుట్టినవాడని అర్థం. ఉర్దూలో ఇదే మిర్రీఖ్. ఆ ఎరుపు నిప్పు వలన కలిగినది కాదు, నేలలోని ఇనుము తుప్పు పట్టుట వలన కలిగినది. అయినా నిప్పుతో ఆ గ్రహానికి సంబంధం లేకపోలేదు. సౌరకుటుంబంలో మనకు తెలిసిన అగ్నిపర్వతాలలో అత్యున్నతమైనది అక్కడే ఉన్నది. వ్యాసంలో భూమికి సగమే ఉన్న గ్రహం మీద అంతటి పర్వతం ఎట్లు పెరిగింది?

దాని పేరు ఒలింపస్ మాన్స్. ఎత్తు సుమారు 22 కిలోమీటర్లు. 8,849 మీటర్ల ఎవరెస్టుకు దాదాపు రెండున్నర రెట్లు. అడుగుభాగం వెడల్పు సుమారు 600 కిలోమీటర్లు. అందుచేత అంత ఎత్తున్నా దాని వాలు చాల తక్కువ. బోర్లించిన డాలు వలె ఉంటుంది. దానికి ఆగ్నేయంగా థార్సిస్ పీఠభూమిపై ఆర్సియా, పవోనిస్, అస్క్రేయస్ అను మరి మూడు అగ్నిపర్వతాలు ఒకే వరుసలో ఉన్నవి. 1971 నవంబరులో మారినర్-9 నౌక అక్కడికి చేరినపుడు గ్రహమంతా దుమ్ముతుపానులో మునిగి ఉండెను. ఆ దుమ్ముపైన నాలుగు నల్లని మచ్చలు మాత్రమే కనిపించినవి. దుమ్ము అణగిన పిదప అవి ఈ నాలుగు పర్వతాల శిఖరాలని తేలింది.

ఇంత ఎత్తుకు ముఖ్యంగా రెండు కారణాలు చెప్పుదురు. అంగారకుని ఆకర్షణశక్తి భూమి ఆకర్షణలో 38 శాతమే. కనుక రాతిరాశి తన బరువుకు తాను కుంగిపోక మరింత పైకి నిలువగలదు. రెండవది, అక్కడి నేల కదలదు. భూమి పైపొర పెద్ద పలకలుగా చీలి ఏటా కొన్ని సెంటీమీటర్లు జరుగుతుంటుంది. వెలుగుతున్న కొవ్వొత్తిని వంచి, దాని క్రింద కాగితాన్ని మెల్లగా లాగండి. మైనపు చుక్కలు వరుసగా పడును. కాగితాన్ని కదలనీయకున్న ఒకేచోట గుట్టగా పెరుగును. మొదటిది హవాయి దీవుల వరుస. రెండవది ఒలింపస్ మాన్స్.

మన దక్కనుకు కూడా ఇట్టి చరిత్ర కలదు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం, ఉత్తరంగా పయనిస్తున్న భారత భూభాగం క్రింది నుండి, పొడవైన పగుళ్ల గుండా లావా పొంగి పొరలుపొరలుగా పరచుకొన్నది. నేడు మిగిలినదే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. వికారాబాదు, జహీరాబాదు ప్రాంతాల నల్లరాయి అదే. ఆ వేడికి మూలమైన స్థానం నేడు హిందూమహాసముద్రంలోని రీయూనియన్ దీవి క్రింద ఉన్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మనం దానిని దాటి వచ్చితిమి.

మరి మన జనగామ, మహబూబాబాదు గుట్టలు అగ్నిపర్వతాలేనా? కావు. అవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. పైకి ఎగజిమ్మక, భూగర్భంలోనే మెల్లగా చల్లారిన శిలాద్రవం. పైనున్న నేల అరిగిపోగా బయటపడినవి. ఈ గ్రానైటు నేలలో అక్కడక్కడ గోడల వలె సాగే నల్లరాతి చారలు, పగుళ్లలోనికి ఎక్కిన మరొక ద్రవపు గుర్తులు. భూపాలపల్లి నేల వేరు. అక్కడి బొగ్గు, ఇసుకరాయి నీరు తెచ్చి పేర్చిన పొరలు. ఒకటి నిప్పు పని, మరొకటి నీటి పని.

2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలో ప్రవేశించి, ఆర్సియా మాన్స్ ఛాయాచిత్రాలను కూడా పంపినది. 2022లో దానితో సంబంధం తెగిపోయినది. 2018లో అక్కడ దిగిన ఇన్‌సైట్ యంత్రం 2022 వరకు వెయ్యికి పైగా ప్రకంపనలను నమోదు చేసినది. పలకలు జరుగకున్నను ఆ నేల పూర్తిగా నిశ్చలం కాదన్నమాట.

విద్యార్థులారా! కోట్ల మైళ్ల దూరాన ఉన్న పర్వతాన్ని చదువుటకు నౌకలు పంపుచున్నాము. ఊరి ప్రక్కనున్న గుట్ట మాత్రం చదువక మునుపే కంకరగా మారి లారీలలో తరలిపోవుచున్నది. ఒకసారి పగిలిన గుట్ట మరల పెరుగదు. సెలవులలో మీ ఊరి గుట్టకు వెళ్లండి. రాతిరంగు, చారల దిశ, పొరల తీరు గమనించి నోటుపుస్తకంలో వ్రాసికొనండి. అంగారకుని శాస్త్రానికి అది తొలిపాఠం.