ఆక్లాండ్‌లో కుక్కకూ చిరునామా ఉంటుంది

మన ఊళ్లో వీధి మలుపులో ఒక కుక్క ఉండేది. ఏ ఇంట్లో అన్నం మిగిలితే ఆ ఇంటివాళ్లు పెట్టేవారు. ఎవరిదని అడిగితే "మా వీధిదే" అనేవాళ్లం. న్యూజిలాండ్‌లో దిగినవాళ్లు ముందుగా మరిచిపోవలసిన మాట అది. ఇక్కడ వీధికి కుక్కలుండవు, మనుషులకే ఉంటాయి. రోడ్డు మీద ఒంటరిగా కుక్క కనబడితే, దాని మనిషి ఎవరన్న వెతుకులాట మొదలవుతుంది.

మేం ఆక్లాండ్ వచ్చిన మొదటి చలికాలంలో ఒక నల్లకుక్క మా గేటు దగ్గర చేరింది. పాపం అనిపించి పెరుగన్నం పెట్టాం, రాత్రికి గరాజ్‌లో పాత దుప్పటి పరిచాం. మర్నాడు పక్కింటావిడ చూసి, "కౌన్సిల్‌కు ఫోన్ చేయండి, దీనికోసం ఎవరో ఊరంతా తిరుగుతుంటారు" అంది. చేశాం. వచ్చిన ఆఫీసర్ దాని మెడ వెనక స్కానర్ ఆనించగానే చిప్ నంబరు వచ్చింది. సాయంత్రానికి అది తన ఇంట్లో ఉంది. మేం జాలి అనుకున్నది ఇంకో ఇంట్లో ఒక రోజు బెంగను పెంచింది.

ఇక్కడ 1996 నాటి డాగ్ కంట్రోల్ యాక్ట్ యజమాని అన్న మాటను చాలా విశాలంగా చెబుతుంది. దారితప్పిన కుక్కను సొంతవాళ్లకు అప్పగించడానికని 72 గంటల దాకా దగ్గర పెట్టుకోవచ్చు. అది దాటితే చట్టం దృష్టిలో యజమాని మీరే. మీతో ఉంటున్న పదహారేళ్ల లోపు పిల్లల పేరున కుక్క ఉన్నా, బాధ్యత తల్లిదండ్రులదే. "బాబు పట్టుబట్టాడు, కొనిచ్చాం" అనే ముందు ఈ సంగతి తెలియాలి.

కుక్కకు మూడు నెలలు నిండేలోపు కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించాలి. తర్వాత ఏటా జులై 1 నుంచి కొత్త సంవత్సరం లెక్క. ఫీజు ఒక్కో కౌన్సిల్‌లో ఒక్కో రకం. చేయించకపోతే జరిమానా 300 డాలర్లు. మొదటిసారి రిజిస్టర్ చేసిన రెండు నెలల్లోగా మైక్రోచిప్ వేయించాలి. పొలాల్లో గొర్రెల్ని తోలే కుక్కలకు మాత్రం ఆ నియమం లేదు. ఇల్లు మారితే చిరునామా మార్చడం మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయే పని. పట్టుబడిన కుక్క గురించి యజమానికి నోటీసు అందాక ఏడు రోజులే గడువు. అప్పటికీ ఎవరూ రాకపోతే కౌన్సిల్ దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చు, చంపించనూ వచ్చు. నోటీసు పాత ఇంటికి వెళితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బయటికి తీసుకువెళ్లేటప్పుడు చేతిలో లీష్ ఉండి తీరాలి. విడిచి తిప్పే పార్కులోనైనా సరే, లేకపోతే 100 డాలర్లు. కుక్క తనంతట తాను గేటు దాటి తిరిగితే 200. పెంట ఎత్తడానికి జేబులో సంచి పెట్టుకోండి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లాక ఇంట్లో కుక్క పొద్దస్తమానం మొరిగితే పొరుగువాళ్ల ఫిర్యాదు మీద ఆఫీసర్ వస్తాడు.

అద్దె ఇంట్లో ఉంటే ముందు ఓనర్‌ను అడగాలి. 2025 డిసెంబర్ 1 నుంచి సరైన కారణం లేకుండా ఆయన కాదనకూడదు. అయితే రెండు వారాల అద్దె దాకా అదనంగా బాండ్ అడగవచ్చు.

కుక్క లేనివాళ్లకు, అంటే మనలో చాలామందికి, అసలు భయం కరుస్తుందనే. ఈ దేశంలో రేబిస్ లేదు. మన దగ్గర చిన్నప్పటి నుంచి నరనరాన పట్టిన ఆ భయాన్ని ఇక్కడ దించుకోవచ్చు. రేబిస్ రాకూడదనే ఇండియా నుంచి కుక్కను నేరుగా తీసుకురానివ్వరు కూడా. అయినా గాయం గాయమే. కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ప్రమాదాల గాయాలకు ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ సాయం ఉంటుంది. తర్వాత 09 301 0101కు ఫోన్ చేసి ఆక్లాండ్ కౌన్సిల్‌కు చెప్పండి. ఆ నంబరు రాత్రీపగలూ పలుకుతుంది. కుక్క ఇంకా మీదికి వస్తుంటే మాత్రం 111. "పక్కింటివాళ్లతో గొడవెందుకు" అని ఊరుకోకండి. రేపు అదే దారిలో ఒక పసివాడు నడుస్తాడు. విడిచిన కుక్క దగ్గరికి వస్తే పరుగెత్తవద్దు, చేతులు దగ్గరగా పెట్టుకుని నిలబడండి. "ఏం చేయదులే" అని దాని యజమాని నవ్వినా, "లీష్ వేయండి" అని అడిగే హక్కు మీకుంది.

పిల్లలు ముచ్చటపడి పార్కులో ఎవరి కుక్కకైనా ఏదైనా పెట్టాలంటే ముందు అడగాలి. మన పరమాన్నంలోని కిస్‌మిస్, పులుసులోని ఉల్లిపాయ కుక్కలకు విషంలాంటివి.

నార్త్‌ల్యాండ్ వైపు విహారానికి వెళ్తే కుక్కను వెంట తీసుకువెళ్లే ముందు ఆలోచించండి. దేశంలో ఎక్కడైనా నేషనల్ పార్కుల్లోకి కుక్కల్ని మామూలుగా రానివ్వరు. 1987లో నార్త్‌ల్యాండ్‌లోని వైటాంగి అడవిలో ఒక్క జర్మన్ షెపర్డ్ కొన్ని వారాల్లో దాదాపు 500 కివి పక్షుల్ని చంపిందని పరిశోధకుల అంచనా. అది క్రూరమైనదని కాదు. ఎగరలేని ఆ పక్షి వాసన దాన్ని లాగింది, ఆపే మనిషి పక్కన లేడు.

దీపావళి రోజులు, నవంబర్ 5 గై ఫాక్స్ బాణసంచా ఇంచుమించు ఒకే సమయంలో వస్తాయి. ఆ రాత్రుల్లో బెదిరిన కుక్కలు కంచెలు దూకి పారిపోతాయి. టపాకాయలు కాల్చే ముందు పక్కింట్లో కుక్క ఉందేమో కనుక్కోండి, ఒక మాట చెబితే లోపల కట్టుకుంటారు. మీకే ఉంటే గేటు గడియ చూడండి, చిప్ రికార్డులో ఉన్నది మీరు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరేనా చూడండి.