బడి కమిటీలో తల్లిదండ్రుల మాట

వినికిడి తక్కువైన బిడ్డను వెనుక బల్లలో కూర్చోబెడితే పాఠం అందదు. ‘మొద్దు’ అని పేరు పడుతుంది. కొన్నాళ్ళకు బడి మానేస్తాడు. బిడ్డకు ఏమి కావాలో ముందుగా తెలిసేది ఇంట్లోవారికే. ఆ మాట బడికి చేరాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యులలో సగంమంది స్త్రీలు ఉండాలి. 2012 సవరణ వైకల్యం గల పిల్లలను వెనుకబడిన వర్గాల పిల్లలతో సమానంగా చేర్చింది. కనుక వారి తల్లిదండ్రులకు కూడా కమిటీలో తగిన చోటు ఇవ్వాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఈ కమిటీయే.

తల్లిదండ్రులు చేయవలసినవి:

1. బిడ్డకు చెవి, కన్ను పరీక్ష చేయించి, డాక్టరు ఇచ్చిన కాగితాలు భద్రపరచండి.
2. ముందు బల్ల, ర్యాంపు, పెద్ద అక్షరాల పుస్తకం – కావలసినది కాగితంపై రాసి ప్రధానోపాధ్యాయునికి ఇవ్వండి. రాయడం రాకపోతే తెలిసినవారిచేత రాయించండి.
3. అది ప్రణాళికలో చేరిందో లేదో తరువాతి సమావేశంలో అడగండి.
4. ప్రత్యేక శిక్షణకు దగ్గరలోని భవిత కేంద్రం ఉపాధ్యాయులను కలవండి.

తీవ్ర వైకల్యం ఉన్నా, 6 నుండి 18 ఏళ్ళవరకు ఉచిత విద్య బిడ్డ హక్కని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

పడుగులో ఒక పోగు తెగితే మన వేటపాలెం నేతగాడు మగ్గం ఆపి, అతికి, మళ్ళీ నేస్తాడు. బడిలో మన బిడ్డల విషయంలోనూ అలాగే చేద్దాం.