మధ్యరంగమున ఒకని నైపుణ్యమా, జట్టు పొందికయా?

ఫుట్‌బాల్ ఆట ముగిసిన పిమ్మట చూపరులు ఇండ్లకు పోవుచు చేయు వాదములలో మిక్కిలి పాతది ఒకటి కలదు. బంతి దొరకినప్పుడు నలుగురిని తప్పించుకొని పోగలవాడే నిజమైన ఆటగాడని ఒకరందురు. ఒకడు గారడి చేయుచుండగా తక్కినవారు నిలువబడి చూచుట ఆట కాదనియు, వెంటనే బంతి నందించువాడే జట్టునకు మేలు చేయువాడనియు మరియొకరందురు. ఇది కాలక్షేపపు వాదము మాత్రమే కాదు. పాఠశాల జట్టులో ఎవనిని చేర్చుకొందుము, ఎవనిని విడిచిపెట్టుదుము, ఏ బాలుని మెచ్చుకొందుము అనునది దీనినిబట్టియే యుండును. కావున విద్యార్థులు దీనిని నెమ్మదిగా విచారించుట మంచిది.

1. మధ్యరంగపు పని

వెనుక నిలిచిన బాక్ ఆటగానికి ఆటయంతయు ఎదుటనే కనబడును. ఫార్వర్డు బంతిని పోగొట్టుకొన్నను వాని వెనుక స్వపక్షమువారు అనేకులుందురు. మధ్యరంగమున ఆడువానికి ఈ రెండు సౌఖ్యములును లేవు. వానికి నాలుగు దిక్కులను ఎదిరిపక్షమువారుందురు. వాడు బంతిని పోగొట్టుకొన్నయెడల కాపాడుటకు బాకులును గోల్‌కీపరును మాత్రమే మిగులుదురు. అందుచేత అచ్చట చేసిన పొరపాటునకు వెల యెక్కువ.

అయితే దీనికి మరియొక ప్రక్కయు కలదు. మధ్యరంగమున ఒకడు తన యెదుటివానిని తప్పించుకొని ముందునకు పోయెనా, వానిని అడ్డగించుటకు ఎదిరిపక్షమువాడొకడు తన చోటు విడిచి రావలయును. ఆ విడిచిన చోటు మన జట్టువానికి దొరకును. కావున డ్రిబ్లింగు ఆడంబరము కొరకు గాక, తోడివానికి చోటు కలిగించుటకే యున్నది. ఈ సంగతి మరచినప్పుడే అది దోషమగును.

2. వాదము పుట్టిన విధము

1863లో లండనునందు ఫుట్‌బాల్ అసోసియేషను నియమములు ఏర్పరచిన కాలమున, బంతికి ముందుగా నున్న స్వపక్షమువానికి బంతి నందించుట నిషిద్ధము. కావున బంతి దొరకినవాడు దానిని నడిపించుకొనుచు పోవుటయు, తక్కినవారు వాని వెంట పరుగెత్తుటయు ఆటయై యుండెను. 1866లో ఈ నియమము సడలింపబడెను. బంతిని ముందునకు తన్నినప్పుడు దాని నందుకొనువానికిని గోలు గీటునకును నడుమ ఎదిరిపక్షమువారు మువ్వురున్న చాలునని నిర్ణయించిరి.

1872 నవంబరు 30వ తేదీన గ్లాస్గోలోని ఒక క్రికెట్ మైదానమున స్కాట్లండు, ఇంగ్లండు జట్లు తొలి అంతర్జాతీయ పోటీ నాడెను. స్కాట్లండు పక్షమున ఆడిన పదునొకండుమందియు క్వీన్స్ పార్కు అను ఒకే క్లబ్బువారు. ఒకరి యాట నొకరు ఎరిగినవారు. దేహపుష్టియందు ఇంగ్లీషువారికి తక్కువవారైనను గోలు పడనీయలేదు. ఆట సమముగా ముగిసెను. పిమ్మట స్కాట్లండువారు బంతిని ఒకరికొకరు అందించుకొను పద్ధతికి ప్రసిద్ధి చెందిరి. 1872 మొదలు 1887 వరకు ఈ రెండు జట్లు ఆడిన 16 పోటీలలో స్కాట్లండు 10 గెలువగా, ఇంగ్లండు గెలిచినవి రెండు మాత్రమే. పొందిక యొక్క బలము ఈ లెక్కవలన తేటపడుచున్నది.

3. ఒకే ఆటగానిలో రెండు గుణములు

ఒంటరి నైపుణ్యమునకు దృష్టాంతముగా అందరును అర్జెంటీనా దేశస్థుడైన డీగో మారడోనాను చెప్పుదురు. 1986 జూన్ 22న మెక్సికో నగరమున ఇంగ్లండుతో జరిగిన ప్రపంచకప్ ఆటలో అతడు తన సగభాగములోనే బంతి నందుకొని, ఎదిరిపక్షమువారిని వరుసగా తప్పించి, గోల్‌కీపరును సహితము దాటి గోలు చేసెను. అదే యాటలో అంతకుముందు చేతితో బంతిని కొట్టి పొందిన గోలు మెచ్చదగినది కాదు. ఈ రెండవ గోలు మాత్రము నైపుణ్యమున సాటిలేనిదని చూచినవారు ఒప్పుకొందురు.

అయితే వారము దినములకు, జూన్ 29న జరిగిన తుదిపోటీని గమనింపుడు. పశ్చిమ జర్మనీవారు మారడోనాను విడువక కాచిరి. రెండు గోలులు వెనుకబడియుండియు తేరుకొని 2–2 చేసిరి. ఆట ముగియుటకు కొద్ది నిమిషములు మాత్రమే యుండగా, అనేకులు తన్ను చుట్టుముట్టినను, మారడోనా తన యొద్దకు వచ్చిన బంతిని ఆపక, ముందునకు పరుగెత్తుచున్న బురుచాగాకు అందించెను. బురుచాగా దానిని గోలు చేసెను. అర్జెంటీనా 3–2తో గెలిచెను. అందరును తనమీదికి వచ్చుటచేత తోడివానికి దారి తెరువబడెనని అతడు గ్రహించెను. మొదటి యాటలో బంతిని ఉంచుకొనుటయు, రెండవ యాటలో విడుచుటయు ఒకే వివేకమునుండి కలిగినవి.

4. నీళ్లు మోయువాడు

ఫ్రాన్సు మధ్యరంగమున ఆడిన దిదియే దెషాఁను ఆ దేశపు ఆటగాడే యైన ఎరిక్ కంటోనా ‘నీళ్లు మోయువాడు’ అని యెగతాళి చేసెను. దెషాఁ బంతిని ఎదిరిపక్షమునుండి తీసికొని తనకంటె నేర్పరులకు అందించువాడు. అతని ప్రక్కనే ఆడిన జినెదిన్ జిదాను మహానిపుణుడు.

1998 ప్రపంచకప్‌లో జిదాను సౌదీ అరేబియాతో ఆడుచు ఎదిరిపక్షమువానిని త్రొక్కినందున బయటికి పంపబడి, పిమ్మటి రెండు ఆటలకు దూరమయ్యెను. ఆ రెండింటిని ఫ్రాన్సు అతడు లేకయే గెలిచెను. జట్టు బలము ఇంతటిది! కాని రెండవదైన పరాగ్వే ఆటలో నియమిత సమయమంతయు గోలు లేక, అదనపు సమయమున గాని విజయము దొరకలేదు. తాళము తెరచువాడు లేని కొరత ఇట్టిది! జూలై 12న తుదిపోటీలో బ్రెజిలును 3–0తో ఓడించినప్పుడు రెండు గోలులు జిదాను తలతో కొట్టినవే. నాడు కెప్టెనుగా కప్పు నెత్తి పట్టినవాడు ‘నీళ్లు మోయువాడు’ అనబడిన దెషాఁయే. కానా వివాహమున బానలు నీళ్లతో నింపిన పరిచారకులను మరువని మనకు ఆ పేరు అవమానముగా తోచనక్కరలేదు.

5. హైదరాబాదు ఉపాధ్యాయుడు

ఈ సమన్వయమును నేర్పినవాడు మన ప్రాంతముననే యుండెను. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో పాఠశాలోపాధ్యాయుడుగా పనిచేసి, పిమ్మట నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. అతని శిక్షణలో భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును, 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమును పొందెను. బంతిని ఎక్కువసేపు కాలియొద్ద నుంచుకొనక త్వరగా అందించుటను అతడు నేర్పెను. అయినను నేర్పరులను అణచివేయలేదు. 1962లో జకార్తా తుదిపోటీయందు, తలకు గాయమై కుట్లు పడియున్న బాక్ ఆటగాడు జర్నయిల్ సింగును ఫార్వర్డుగా నిలిపెను. పి. కె. బెనర్జీ ఒక గోలును, జర్నయిల్ సింగు ఒక గోలును చేయగా, దక్షిణ కొరియాపై 2–1తో జయము కలిగెను. ఎవని వరమునకు ఏది తగిన చోటో గుర్తించుటయే శిక్షకుని పని.

6. మనకు తేలిన పాఠము

తలాంతును భూమిలో దాచిపెట్టిన దాసుడు మెప్పు పొందలేదు. కావున నేర్పుగల బాలుడు బంతిని తాకినప్పుడెల్ల ‘‘పాస్! పాస్!’’ అని కేకలు వేసి వానిని బెదరించుట తగదు. అట్లు బెదరినవాడు ఇక సాహసింపడు. అటులనే గోలు కొట్టినవానినే భుజములపై మోసి, ఆటయంతయు ఖాళీ చోట్లను కాచినవానిని పలుకరింపకుండుట అన్యాయము. అట్టి బాలుడు కొన్నాళ్లకు మైదానమునకు వచ్చుటయే మానివేయును. శరీరమును అవయవములను గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన బోధ ఆటస్థలమునకును చెల్లును. ఎవని నేర్పు ఎంతటిదని కాదు, అది తక్కిన పదిమందికి ఏమి చేసినదని అడుగవలయును.

అభ్యాసము

తరువాతి ఆటయందు గీటునకు వెలుపల నిలిచి ఇరువది నిమిషములు ఒక్క హాఫ్‌బాకునే చూడుడు. కాగితమున నాలుగు గడులు గీయుడు: బంతి నందించినవి, ఎదుటివానిని దాటినవి, బంతిని పోగొట్టుకొన్నవి, బంతి లేనప్పుడు తోడివానికి సాయపడినవి. ప్రతిదాని ప్రక్కను వెంటనే జరిగినదానిని వ్రాయుడు. నాలుగవ గడిని నింపుట కష్టమని మీకే తెలియును. అది నింపగలిగిననాడు మీరు ఆటను చూడ నేర్చుకొన్నవారగుదురు.