ఉచితంగా దొరికిన పాటలో పరుల హక్కు

ఇస్లాం మనిషిపై రెండు రకాల హక్కులను విధించింది. ఒకటి అల్లాహ్ హక్కులు, రెండవది దాసుల హక్కులు. నమాజు, ఉపవాసాలలో లోటు జరిగితే అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటాం. ఆయన కరుణామయుడు, తలచుకుంటే క్షమిస్తాడు. కాని సాటి మనిషి హక్కును కాజేస్తే, ఆ మనిషికి దాన్ని చెల్లించాలి, లేదా అతను మనస్ఫూర్తిగా మన్నించాలి. ఈ రెండవ రకం హక్కుల విషయంలో మనం ఎంత నిర్లక్ష్యంగా ఉన్నామో గ్రహించడానికి మన జేబులోని ఫోను ఒక్కటి చాలు.

అందులో నాత్‌లు, నషీద్‌లు, ఖిరాఅత్‌లు, బయాన్‌లు వందల సంఖ్యలో ఉంటాయి. కొన్ని మిత్రుడి ఫోను నుంచి వచ్చినవి, కొన్ని మొబైల్ దుకాణంలో మెమరీ కార్డులో నింపించుకున్నవి, మరికొన్ని అనుమతి లేని సైట్ల నుంచి దించుకున్నవి. వాటిని పాడినవారికి, రికార్డు చేసినవారికి, ఆల్బమ్ విడుదల చేసినవారికి ఏమి చెల్లించామని మనల్ని మనం ఎప్పుడైనా ప్రశ్నించుకున్నామా?

ఇది దొంగతనమేనా?

'మేము ఎవరి ఇంట్లోనూ దూరలేదు. అతని సీడీ అతని దగ్గరే ఉంది. ఇక దొంగతనం ఎక్కడ?' అని కొందరు అడుగుతారు. భద్రపరచిన వస్తువును రహస్యంగా ఎత్తుకుపోవడాన్నే షరీఅత్ పరిభాషలో దొంగతనం అంటారు, దానికే చేయి నరికే శిక్ష ఉంది. కాపీ చేయడం ఆ నిర్వచనంలోకి రాదు. అయితే ఆ శిక్ష లేనంత మాత్రాన పాపం లేదని కాదు. బాహాటంగా దోచుకునేవాడికి, లాక్కొని పారిపోయేవాడికి, నమ్మకద్రోహికి ఆ శిక్ష లేదని దైవప్రవక్త (స) తెలిపారు (అబూదావూద్, తిర్మిజీ). మరి దోపిడీ ధర్మసమ్మతమని ఎవరైనా అంటారా? శిక్ష వేరు, పాపం వేరు.

అన్-నిసా సూరా 29వ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులను ఒకరి సొమ్ము మరొకరు అక్రమంగా తినవద్దని వారించాడు. పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారాన్ని సక్రమ మార్గంగా చూపాడు. ఇక్కడ అసలు మాట అంగీకారం. ఆల్బమ్ యజమాని 'వెల చెల్లించి వినండి' అన్నాడు. మనం వెల చెల్లించకుండా తీసుకున్నాం. అంగీకారం ఎక్కడుంది?

పండితుల అభిప్రాయం

పూర్వం మన ఉపఖండంలో కొందరు ఉలమా గ్రంథకర్త హక్కును అమ్మదగిన వస్తువుగా ఒప్పుకోలేదు. చేతితో పట్టుకోగలిగిన వస్తువుకే వెల ఉంటుందని, పుస్తకం కొన్నవాడు దాన్ని నకలు చేసుకోవచ్చని వారి వాదన. అయితే కాలం మారింది. రచన, రికార్డింగు, ఆవిష్కరణలే ఎంతోమందికి జీవనాధారమయ్యాయి. ప్రజల ఆనవాయితీలో వాటికి వెల ఏర్పడింది. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ ఈ సమస్యను పరిశీలించింది. రచనా హక్కు, ఆవిష్కరణ హక్కు, వ్యాపార నామం, వ్యాపార చిహ్నం వాటి యజమానుల సొంత హక్కులేనని, షరీఅత్ వాటిని గుర్తిస్తుందని, వాటిని ఆక్రమించడం తగదని తీర్మానించింది.

మన దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఆడియో రికార్డింగుపై హక్కు, అది వెలువడిన తర్వాత 60 ఏళ్ళ దాకా ఉంటుంది. తెలిసి ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 సంవత్సరాల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ధర్మానికి విరుద్ధం కాని చట్టాన్ని పాటించడం దేశవాసిగా మనం చేసిన ఒప్పందంలో భాగం. ఒప్పందాలను నెరవేర్చమన్నది అల్-మాయిదా సూరా మొదటి ఆయత్‌లోని ఆదేశం.

మనం చెప్పుకునే సాకులు

మొదటిది: 'ఇది ధర్మప్రచారం కదా!' నాత్‌ను, బయాన్‌ను పదిమందికి వినిపించడం మంచి పనే. తమ బయాన్‌లను ఎవరైనా కాపీ చేసి పంచవచ్చని స్వయంగా ప్రకటించే పండితులు ఎందరో ఉన్నారు. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక! వాటిని నిశ్చింతగా పంచుకోండి. అలా అనుమతించనివారి సొమ్ముతో మాత్రం మనం పుణ్యం సంపాదించలేం. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైనదాన్నే స్వీకరిస్తాడు (ముస్లిం).

రెండవది: 'ఇది చిన్న విషయం. ఒక్క పాటతో ఎవరికి నష్టం?' ప్రమాణం చేసి సాటి ముస్లిం హక్కును కాజేసినవారిని దైవప్రవక్త (స) నరకాగ్ని గురించి హెచ్చరించినప్పుడు, అది అల్పమైన వస్తువైనా అంతేనా అని అనుచరులు అడిగారు. అరాక్ చెట్టు పుల్ల అయినా సరే అంతేనని ఆయన బదులిచ్చారు (ముస్లిం). మనం మిస్వాక్‌కు వాడే పుల్ల అది! అక్కడ అబద్ధపు ప్రమాణం కూడా కలిసి ఉన్నమాట నిజమే. కాని హక్కు చిన్నదన్న సాకు చెల్లదని దీనివల్ల స్పష్టమవుతోంది.

మూడవది: 'ఆ కంపెనీ ముస్లింలది కాదు కదా!' ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) ఇస్లాం స్వీకరించక ముందు తన తోటి ప్రయాణికులను చంపి వారి సొమ్ము తీసుకొని వచ్చారు. వారు బహుదైవారాధకులు. దైవప్రవక్త (స) ఆయన ఇస్లాంను స్వీకరించారు గాని, ఆ సొమ్ముతో తనకు ఏ సంబంధమూ లేదన్నారు (బుఖారీ). హిజ్రత్ రాత్రి కూడా, తన ప్రాణాలు తీయజూసిన మక్కావాసుల అమానతులను తిరిగి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు. శత్రువుల సొమ్మునే ఇంత జాగ్రత్తగా చూసిన ప్రవక్త అనుచర సమాజం మనది.

నాల్గవది: 'మన ఊళ్ళో దొరకదు, దొరికినా ఖరీదెక్కువ.' 2003లో సమీ యూసుఫ్ తొలి ఆల్బమ్ 'అల్-ముఅల్లిం' బ్రిటన్‌లో వెలువడింది. అలాంటి విదేశీ సీడీలు చిన్న ఊళ్ళలో దొరకడం అప్పట్లో కష్టమే. కాని నషీద్ వినకపోతే ప్రాణం పోదు. నిర్బంధ పరిస్థితిలో ఉన్న సడలింపు కోరికకు వర్తించదు. పైగా ఇప్పుడు ఎందరో గాయకులు, సంస్థలు తమ అధికారిక చానెళ్ళలో ఉచితంగానే వినిపిస్తున్నారు.

ఐదవది: 'సినిమా పాటలు ఎలాగూ నిషిద్ధమే, మరి డబ్బు ఎందుకు ఇవ్వాలి?' నిషిద్ధమైనదాన్ని మానుకోవాలి, అంతేగాని ఉచితంగా అనుభవించకూడదు. వినడం ఒక తప్పయితే, మాట తప్పి తీసుకోవడం మరో తప్పు. రెండు తప్పులు కలిస్తే ఒక ఒప్పు కాదు.

కొనేటప్పుడు జాగ్రత్త

సీడీ కొన్నంత మాత్రాన బాధ్యత తీరదు. రోడ్డు పక్కన కారుచౌకగా అమ్మే సీడీ కూడా నకలే కావచ్చు. చట్టం ప్రకారం అసలు రికార్డింగు అట్టపై తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారుడి పేరు, చిరునామా, మొదట వెలువడిన సంవత్సరం ఉండాలి. అవి చూసి కొనండి. కొన్న సీడీని మన సొంత వినికిడి కోసం ఫోనులోకి ఎక్కించుకోవడం వేరు, దాన్ని పదిమందికి పంచడం, అమ్మడం వేరు.

మెమరీ కార్డులు నింపి ఇచ్చే మన యువకులకు ఒక మనవి. అది మీ పిల్లల నోటికి అందే ముద్ద. జుట్టు చెదిరి, దుమ్ముకొట్టుకొని, ఆకాశం వైపు చేతులెత్తి మొరపెట్టుకునే ప్రయాణికుడి ఉదంతం మీరు వినే ఉంటారు. అతని తిండి, పానీయం, దుస్తులు అన్నీ నిషిద్ధ సంపాదనవే, మరి అతని ప్రార్థన ఎలా ఆమోదం పొందుతుందని దైవప్రవక్త (స) ప్రశ్నించారు (ముస్లిం). ఫోను మరమ్మతు, కవర్లు, చార్జర్ల అమ్మకం వంటి ధర్మసమ్మతమైన పనులు అదే దుకాణంలో ఉన్నాయి. ఆదాయం కొంత తగ్గినా వాటిలోనే బర్కత్ ఉంది.

ఇప్పటిదాకా జరిగినదానికి?

పాపం మానుకోవడం, పశ్చాత్తాపపడడం, మళ్ళీ చేయనని సంకల్పించడం తౌబాకు షరతులు. సాటి మనిషి హక్కు ముడిపడి ఉంటే ఆ హక్కును తీర్చడం నాల్గవ షరతు అని ఇమాం నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో వివరించారు. కాబట్టి ముందుగా అక్రమ నకళ్ళను తొలగించండి. కావాలనుకున్నవాటిని కొనుక్కోండి. నకళ్ళు అమ్మి సంపాదించినవారు హక్కుదారుడికి చెల్లించాలి, లేదా మన్నింపు కోరాలి. అతన్ని చేరే దారే లేకపోతే అతని తరఫున ఆ మొత్తాన్ని దానం చేయాలని ఉలమా సూచించారు.

సోదరుడికి అన్యాయం చేసినవాడు దీనారు, దిర్హం పనికిరాని రోజు రాకముందే, ఈనాడే దాన్ని పరిష్కరించుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు (బుఖారీ). ఆ రోజు చెల్లింపు పుణ్యాలతోనే జరుగుతుంది. రమజాన్‌లో పడిన శ్రమను, రాత్రి నమాజులను కొన్ని పాటలకు బదులుగా ఎవరికో ధారపోయడం ఎంత నష్టం! నేడు కొద్ది రూపాయలతో తీరిపోయే బాకీని అక్కడిదాకా ఎందుకు మోసుకుపోవాలి?

అల్లాహ్ మన సంపాదనను, మన వినికిడిని పరిశుద్ధం చేయుగాక! దాసుల హక్కులు తీర్చి తన సన్నిధికి చేరే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.